చిరిగిన బైబిలును ఎట్ల సాగనంపుదాం?

(మూసాపేట వాడకట్టు సభలో ఒక బడిపంతులు చేసిన ప్రసంగ పాఠం)



ఇయ్యాల మనం భూమి గురించి కూర్చోలేదు, కూలి రేట్ల గురించి కూర్చోలేదు. ఒక పుస్తకం గురించి కూర్చున్నాం. అట్టలూడి, చెదలు తిని, అంచులు పొడిపొడి అయిపోయిన బైబిలును ఏం చెయ్యాలె అన్నది మన ముందున్న ప్రశ్న. 'ఇది కూడా ఒక సమస్యేనా సారూ' అని పొద్దున ఒక తమ్ముడు అడిగాడు. సమస్యే. మొన్న బజ్జీల బండి కాడ దెబ్బలు పడబోయి ఆగినయి గదా, అది దీనితోనే.

ఆ సంగతి తెలిసినవాళ్ళు తెలిసినంత మాట్లాడుతున్నారు, తెలియనివాళ్ళు ఇంకా ఎక్కువ మాట్లాడుతున్నారు. అందుకని ఉన్నదున్నట్టు చెప్తాం.

మన పిల్లవాడొకడు బజ్జీలు కొన్నాడు. పొట్లం విప్పి చూస్తే బైబిలు కాగితం. కీర్తనల గ్రంథంలోది. పిల్లవానికి కోపమొచ్చింది. 'మా గ్రంథంల బజ్జీలు కడ్తవా' అని బండి మీద చెయ్యేశాడు. పక్కనున్నవాడు ఫోను తీసి వీడియో పట్టాడు. ఇంకొకడు 'ఇది కావాలని చేసిందే, ఎవరు చేయించిన్రో మాకెరుకే' అన్నాడు. ఇంకొంచెం సేపు ఆగితే బండి బోర్లపడేది. కాగే నూనె ఎవరి మీద పడేదో, ఆ వీడియో ఎంత దూరం పోయేదో!

మేము పోయి బండాయనను అడిగాం. ఆయన ఒకటే మాట చెప్పాడు. 'సారూ, నాకు సదువు రాదు. కాగితం నూనె గుంజుతదా లేదా, గంతే చూస్త. కబాడి కాడ కిలోల్లెక్కన తెచ్చిన.'

కబాడి దుకాణానికి పోయాం. ఆ కట్ట ఇంకా సగం అక్కడే ఉంది. తిరగేస్తే పిల్లల పరీక్ష కాగితాలు, పాత పేపర్లు, వాటి నడుమ అట్టలేని బైబిలు. పరీక్ష కాగితాల మీద ఎర్రసిరా మాదే. బైబిలు మా అవ్వది.

ఇంటికి రంగులు వేయించేటప్పుడు అటక మీది కాగితాలన్నీ దించి కబాడి బండికి వేసింది మేమే. చూసుకోలేదు. తూకం వేసి ఆయన ఇచ్చిన పైసలు లెక్కపెట్టుకున్నాం గాని, కట్టలో ఏమున్నదో చూడలేదు. మా ఇంట్ల డిగ్రీ చదివిన మొదటి మనిషిమి మేమే. మా తప్పుకు సదువు రాని బండాయన దెబ్బలు తినబోయాడు. ఆయన కాళ్ళమీద పడ్డంత పని చేశాం. ఈ సంగతి సభలో చెప్పకుండా మీకు నీతులు చెప్పే హక్కు మాకు లేదు.

ఇక ఆ పుస్తకం ఏమిటో చెప్తాం.

మా అవ్వ మెదక్ దిక్కు పల్లెలో పుట్టింది. పగలు నాట్లు, రాత్రి సంఘం పంతులు కాడ కందిలి వెలుతురులో అక్షరాలు. ఆమె పెండ్లికి సంఘం పెద్దలు ఇచ్చిన పుస్తకం అది. నల్లట్ట, ఎర్రంచు. బాలానగర్, సనత్‌నగర్ ఫ్యాక్టరీల్లో పని దొరుకుతదని మా నాయిన మూట గట్టుకొని ఈ మూసాపేటకు వచ్చినప్పుడు ఆ మూటలో గిన్నెలు, గొంగడి, ఈ పుస్తకం. అప్పటికి హైటెక్ సిటీ లేదు. సైబర్ టవర్స్ తెరిచింది 1998లో. మన నెత్తి మీదుగా మెట్రో నడిచింది 2017లో. వాటన్నిటికన్న ముందు మా ఇంట్లకు వచ్చిన పుస్తకం అది. మేము అఆలు దిద్దింది పలక మీద. చదవడం నేర్చింది మాత్రం ఆ పుస్తకంలోనే, అవ్వ వేలు పట్టుకొని.

ఇది మా ఒక్క ఇంటి కథ కాదు. వేదం శూద్రుని చెవిన పడితే ఆ చెవిలో సీసం కరిగించి పోయాలె అని ధర్మసూత్రాలు రాసుకున్న దేశం మనది. శూద్రునికే ఆ గతి పడితే ఊరి బయట ఉన్న మన సంగతి ఎవరు అడిగిన్రు? అట్లాంటి చోట ఒక పుస్తకం వెలివాడలోకి నడిచి వచ్చింది. తీసి చదువుకో అన్నది. ముట్టుకోనిచ్చింది. అది చెప్పిన దేవుణ్ణి నమ్మడం, నమ్మకపోవడం ఎవరిష్టం వాళ్ళది. ఈ సభలో బుద్ధుని దారి పట్టినవాళ్ళున్నారు, ఏ దేవుణ్ణీ మొక్కనివాళ్ళున్నారు. కానీ ముట్టుకోనిచ్చిన మొదటి పుస్తకం అన్నమాట మన వాడల్లో చాలా ఇండ్లకు నిజం.

చరిత్ర కూడా చూడండి. తెలుగు సువార్తలు అచ్చయింది 1812లో, బెంగాల్‌లోని సెరంపూరు అచ్చుకూటంలో. అదే ఏడు మార్చి 11న ఆ అచ్చుకూటం తగలబడింది. ఎన్నో భాషల అచ్చక్షరాలు కరిగి ముద్దలయినయి. రాతప్రతులు బూడిదయినయి. ఆ కరిగిన లోహంతోనే మళ్ళా అక్షరాలు పోసి అచ్చు మొదలుపెట్టిన్రు. 1876-78 కరువులో ఒంగోలు దిక్కు మాదిగపల్లెలు బకింగ్‌హాం కాలువ తవ్వి బతికినయి. కరువు పని నడిచినన్ని రోజులు క్లౌ దొర బాప్తిస్మాలు ఆపిండు, గింజల కోసం వచ్చిన్రన్న మాట పడొద్దని. ఆ తర్వాత 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున ఒక్క రోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. మన మెదక్ పెద్ద గుడి కూడా కరువు కాలంలో కూలికి రాళ్ళు మోసినవాళ్ళ చెమటే. దాన్ని ప్రతిష్ఠించింది 1924 డిసెంబర్ 25న. 'అన్నానికి మతం మారిన్రు' అని మనల్ని ఇప్పటికీ ఎగతాళి చేస్తారు. మారినోళ్ళు అన్నం ఒక్కటే అడగలేదు, అక్షరం కూడా అడిగిన్రు. ఆ మాట మాత్రం ఎవరూ చెప్పరు.

ఒక మాట దాచొద్దు. పుస్తకం ముట్టుకోనిచ్చింది గాని, దాని చుట్టూ కూర్చున్న మనం కులం వదల్లేదు. సంఘంలో మాలలొక దిక్కు, మాదిగలొక దిక్కు కూర్చున్న రోజులున్నాయి. సమాధుల తోటలో కూడా గీతలు గీసుకున్నాం. ఆ తప్పు పుస్తకానిది కాదు, మనది.

ఇప్పుడు అసలు సంగతికి వద్దాం. కబాడి కాడ దొరికిన సగం పుస్తకం తెచ్చి అవ్వ ముందర పెట్టాం. ఆమెకు చూపు సరిగా ఆనదు. చేత్తో తడిమింది. ముందరి ఖాళీ కాగితాలు ఉన్నయా అని అడిగింది. కీర్తనలు ఉన్నయా అని అడగలేదు, సువార్తలు ఉన్నయా అని అడగలేదు. ఖాళీ కాగితాలు!

ఎందుకో మన వాడల్లో పెరిగినవాళ్ళకు తెలుసు. మనకు వంశవృక్షాలు రాసిపెట్టే భట్రాజులు లేరు. పట్టా పాసుబుక్కులు లేవు. పుట్టిన తారీకు అంటే 'పెద్దవాన పడ్డ ఏడు' అని చెప్పుకున్నోళ్ళం. అట్లాంటి ఇండ్లల్ల బైబిలు ముందరి ఖాళీ కాగితమే మన రిజిస్టరు. ఎవరు ఎప్పుడు పుట్టిన్రు, ఎవరి పెండ్లి ఎప్పుడు, ఎవరు పోయిన్రు, ఎవరికి ఎంత బాకీ, పిల్లగాడు పది పాసయిన రోజు, అన్నీ అక్కడే. మమ్మల్ని బడిలో వేసినప్పుడు పుట్టిన తారీకు రాయించింది ఆ కాగితం చూసే.

పుట్టుకలు రాసిన కాగితం దొరికింది. చావులు రాసిన కాగితం దొరకలేదు. ఎవరి చేతిలో పొట్లమయిందో, ఏ మోరీలో పడిందో తెలియదు. ఆ కాగితం మీద మా తాత పేరు, అమ్మమ్మ పేరు, మా నాయిన పేరు, చిన్నప్పుడే పోయిన మా అన్న పేరు ఉండె. వాళ్ళ పేర్లు ఇంకెక్కడా రాసి లేవు. ఏ ఆఫీసులో లేవు, ఏ రాతిమీద లేవు.

అవ్వ ఏడ్వలేదు. 'పుస్తకం పట్టు, చెప్త రాయి' అన్నది. ఆమె చెప్తుంటే మా బిడ్డ రాసింది. అప్పుడు మాకు యిర్మీయా గ్రంథంలో 36వ అధ్యాయం యాదికొచ్చింది. యిర్మీయా చెప్తుంటే బారూకు రాసిన చుట్టను యెహోయాకీము రాజు కత్తితో కోసి కోసి కుంపట్లో వేస్తాడు. యిర్మీయా ఊరుకోలేదు. మళ్ళా మొదటి నుంచి చెప్పాడు, బారూకు మళ్ళా రాశాడు. కాలిపోయిన దానికంటె ఇంకొన్ని మాటలు ఎక్కువే చేరినయి. మా అవ్వ కూడా ఎక్కువే చెప్పింది. తనతోని నాట్లేస్తూ పాము కరిచి పోయిన దోస్తు పేరు రాయించింది. పేరు పెట్టకముందే పోయిన మా అక్కకు ఆ రోజు పేరు పెట్టి రాయించింది. యాభై ఏండ్ల తర్వాత!

ఇందులో మనందరం తెలుసుకోవలసింది ఉంది. బైబిలును సాగనంపడం అంటే ముసలి మనిషిని సాగనంపినట్టే. పెద్దమనిషి పోయే ముందు చెప్పాల్సిన మాట చెప్పించుకుంటాం గదా? అట్లనే ఆ పుస్తకం దాచిన పేర్లు ముందర మనం తీసుకోవాలె. ఆ తర్వాతనే మట్టి.

ఇంకో సంగతి. పుస్తకం పాతబడే కాదు, భయంతో కూడా ఇండ్లల్లనుంచి పోతున్నది. 1950 ఆగస్టు 10 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు మూడో పేరాతో ఎస్సీ హోదాను హిందువులకే పరిమితం చేశారు. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు ఆ తలుపు తెరిచారు. క్రైస్తవ దళితులకు తెరవలేదు. మతం మారితే కులం పోతదా? చుండూరులో, కారంచేడులో కత్తులు పట్టినోళ్ళు ఎవరి మతమేందని అడిగి నరికిన్రా? మా చిన్నప్పుడు విచారణకు ఎవరో వస్తున్నారంటే చాలు, అవ్వ బైబిలును బియ్యం డబ్బాలో దాచేది. కబాడి కాడ దొరికిన ఆ పుస్తకం కుట్లలో ఇప్పటికీ బియ్యప్పిండి ఉంది. అక్షరం నేర్పిన పుస్తకాన్ని దొంగసొమ్ము లెక్క దాచవలసి రావడం మన సిగ్గు కాదు, ఆ పేరా రాసినవాళ్ళ సిగ్గు. దాని మీద కొట్లాట వేరే ఉంది, అది ఆగదు. ఇప్పుడు చెప్పేది ఇంతే. చీకట్లో భయంతో పారేస్తే అది సాగనంపడం కాదు. సాగనంపేది పట్టపగలు, పదిమందితో.

సరే, ఎట్ల? బైబిలులో దీనికి ఫలానా పద్ధతి అని లేదు. అందరు క్రైస్తవులు ఒప్పుకున్న ఒకే ఆచారం కూడా లేదు. కాగితం పవిత్రం కాదు, మాటే పవిత్రం అనేవాళ్ళున్నారు. నిజమే. కానీ తల్లి శరీరం కూడా మట్టే గదా, అట్లని చెత్తబండికి వేస్తామా?

వేరేవాళ్ళు ఏం చేస్తున్నారో చూడండి. సిక్కులు పాతబడిన గురుగ్రంథ్ సాహిబ్ ప్రతులను పంజాబులోని గోయింద్‌వాల్ తీసుకపోయి మనిషికి చేసినట్టే అగ్నికి అప్పగిస్తారు. మన పక్కింటి ముస్లిం సోదరులు ఖురాన్ చిరుగు కాగితాన్ని కింద పడనియ్యరు, ఏరి దాచి మట్టిలో పెడతారు. యూదులు దేవుని పేరున్న కాగితాన్ని పారెయ్యరు. ఈజిప్టు కైరోలో వాళ్ళ ప్రార్థనా మందిరం కొట్టంలో వందల ఏండ్లు అట్ల వేసిన కాగితాలను 1896-97లో షెక్టర్ అనే పండితుడు ఇంగ్లండులోని కేంబ్రిడ్జికి తీసుకపోయిండు. లక్షా తొంభై వేల ముక్కలు. వాటిల్లో గ్రంథాలే కాదు, పెండ్లి కాగితాలు, అంగడి లెక్కలు, మామూలు మనుషుల ఉత్తరాలు ఉన్నయి. రాజుల చరిత్రలో లేని జనం ఆ చిరుగు కాగితాల్లో దొరికిన్రు. మన ఖాళీ కాగితాల విలువ దాన్ని బట్టి తెలుసుకోండి.

కాల్చొచ్చా అని కొందరు అడిగిన్రు. మనకు కాల్చడం అంటే ఒకటి యాదికొస్తది. 1927 డిసెంబర్ 25న మహాడ్‌లో బాబాసాహెబ్ ముందుండి మనుస్మృతిని కాల్పించాడు. మనల్ని మనుషులు కాదన్న పుస్తకానికి అది తీర్పు. సిక్కులు కాల్చేది మొక్కి కాలుస్తారు. నిప్పు ఒకటే, మనసు వేరు. అయినా మన వాడలో మంట లేస్తే చూసేవాళ్ళకు మన మనసు కనబడదు, మంటే కనబడతది. అందుకని మట్టి మంచిదని మా మాట.

పద్ధతి చెప్తాం, వినండి.

మొదటిది, నిజంగా పాతబడిందా చూడండి. కుట్లు ఊడితే బైండింగు చేయించండి. మీకు పనికి రాకున్నా ఇంకొకరికి పనికొస్తే ఇయ్యండి. అచ్చయిన ఏడు చూడండి. నూరేండ్ల కిందటిదైతే పూడ్చొద్దు, పెద్ద గ్రంథాలయంలో తెలిసినవాళ్ళకు చూపించండి.

రెండోది, ప్రతి కాగితం తిప్పండి. పేర్లు, తారీకులు ఒక నోటుబుక్కులో ఎత్తి రాయండి. రాసిన కాగితాన్ని పూడ్చొద్దు, జాగ్రత్తగా విడదీసి దాచండి. నడుమ ఫొటోలు, రసీదులు, ఉత్తరాలు ఉంటయి, తియ్యండి.

మూడోది, రెక్సిన్ అట్ట, జిప్పు, ప్లాస్టిక్ తీసెయ్యండి. అవి మట్టిలో కలవవు. కాగితాన్ని పాత నూలుబట్టలో చుట్టండి.

నాలుగోది, మోకాలి లోతు తవ్వండి, కుక్కలు తోడకుండా, వాన కొట్టుకపోకుండా. సమాధుల తోట గానీ, ఇంటి పెరడు గానీ, చెట్టు మొదలు గానీ. నాలాలో, కుంటలో, హుస్సేన్‌సాగర్‌లో వెయ్యొద్దు. అయ్యగారు వస్తే మంచిదే, రాకుంటే ఇంట్ల పెద్దామె మొదటి పిడికెడు మట్టి వెయ్యాలె.

మూసాపేటలో మట్టి ఎక్కడున్నది సారూ అంటారు. నిజమే. గజాల లెక్కన అమ్ముడుపోయిన ఊరు ఇది. మనిషికే ఆరడుగులు దొరకడం లేదు, సమాధి మీద సమాధి కడుతున్నాం. నలుగురైదుగురి పుస్తకాలు కలిపి ఒక గుంతలో పెట్టుకోండి. అదీ దొరకనివాళ్ళు ఊడ్చిన చోట, పెద్దల ముందర, వీడియో లేకుండా కాల్చి బూడిదను చెట్టుకు వెయ్యండి. ఎవరూ తప్పుపట్టొద్దు.

ఐదోది, ఇది అన్నిటికన్న ముఖ్యం. రేపు మీ చేతికి పొట్లంలో ఏ మతం కాగితం వచ్చినా సరే, బండి మీద చెయ్యెయ్యకండి. అడిగి తీసుకోండి, బదులు పాత పేపర్లు ఇయ్యండి. ఆ కాగితం మన ఇంటి నుంచే పోయి ఉండొచ్చు. మనల్ని కొట్టించి చలి కాచుకునేవాళ్ళు ఎప్పుడూ సిద్ధంగానే ఉంటారు.

పోయిన ఆదివారం మా నాయిన సమాధి పక్కన అవ్వ పాత చీర ముక్కలో ఆ సగం పుస్తకాన్ని చుట్టి పూడ్చినం. బజ్జీల బండాయన కూడా వచ్చిండు. తన కట్టలో మిగిలిన నాలుగు కాగితాలు మడతపెట్టి తెచ్చి అందులో పెట్టిండు. అవ్వ పిడికెడు మట్టి వేసి, 'పో, నువ్వు చెప్పాల్సింది చెప్పినవ్' అన్నది. అంతే.

ఇప్పుడు ఇంట్ల పెద్దక్షరాల కొత్త బైబిలుంది. అదే అరలో రాజ్యాంగం ఉంది. అవ్వ చెప్పి రాయించిన పేర్ల నోటుబుక్కు వాటి పక్కనే ఉంది.

వచ్చే ఆదివారం నుంచి సాయంత్రం పూట మా ఇంటి అరుగు మీద కూర్చుంటాం. పాత బైబిళ్ళు పట్టుకొని రండి. పేర్లు ఎత్తి రాసే పని మేము, మా బడి పిల్లలు చేస్తాం. బైబిలు లేని ఇల్లు అయినా రండి. వచ్చేటప్పుడు ముసలోళ్ళను వెంటబెట్టుకొని రండి. కాగితం పోయినా వాళ్ళకు పేర్లు యాదికున్నయి. వాళ్ళు ఉన్నప్పుడే రాసుకుందాం.

జై భీమ్.